పాపతో డల్లాస్ ప్రయాణం: ఆ 28 వేలు మిగుల్చుకోవద్దు

ప్రశ్న: మావారు హెచ్‌1బీ వీసాపై నాలుగు నెలల కిందట డల్లాస్ వెళ్లారు. నాకూ పాపకూ హెచ్‌4 వీసాలు వచ్చాయి. పాపకు 14 నెలలు. వచ్చే నెల ప్రయాణం. హైదరాబాద్ నుంచి ఒకచోట విమానం మారే టికెట్ రూ.1.10 లక్షలు, రెండుచోట్ల మారేదైతే రూ.82 వేలే అని ఏజెంటు చెబుతున్నారు. 11 నెలల తర్వాత మా చెల్లి పెళ్లికి రావాలి కాబట్టి రానుపోను టికెట్ తీసుకుంటే కలిసొస్తుందనీ అంటున్నారు. పాపకు విడిగా సీటు కొనాలా? తోడుగా అమ్మను తీసుకెళ్లాలా? మా నాన్నగారు పాప పేరిట వేసిన రూ.2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయాలా, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవాలా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రూ.28 వేల తేడా చూసి రెండుచోట్ల మారే టికెట్ వైపు మొగ్గకండి. అలాంటి టికెట్లలో రెండో మజిలీ తరచూ అమెరికాలోనే ఉంటుంది. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగారనుకోండి, ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే. అది ముగిశాక పెట్టెలు బెల్టు మీది నుంచి మీరే దింపుకొని, కస్టమ్స్ దాటి, డల్లాస్ విమానానికి మళ్లీ అప్పగించాలి. చంకలో నిద్ర చాలక ఏడుస్తున్న పాప, భుజాన పాల సీసాల సంచి, ఎదురుగా 23 కిలోల పెట్టెలు. క్యూ కదలక ఆ విమానం తప్పిపోతే పరిస్థితి ఏమిటో చెప్పనక్కర్లేదు. దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్తే అక్కడి నుంచి నేరుగా డల్లాస్‌కు విమానాలున్నాయి. దాదాపు 16 గంటలు కూర్చోవాలి, నిజమే. కానీ ఇమిగ్రేషన్ దాటి బయటికి వచ్చేసరికి మీవారు ఎదురుగా ఉంటారు.

ఏది తీసుకున్నా, ప్రయాణమంతా ఒకే పీఎన్ఆర్ మీద ఉందా అని ఏజెంటును సూటిగా అడగండి. రెండు వేర్వేరు టికెట్లు అతికించి చవకగా ఇస్తే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండో సంస్థకు మీతో సంబంధం ఉండదు.

రానుపోను టికెట్ సంగతి. రెండేళ్లలోపు పిల్లలు ఒడిలో కూర్చుంటే, అంతర్జాతీయ ప్రయాణాల్లో సాధారణంగా పెద్దల ఛార్జీలో 10 శాతం, దానిపై పన్నులు తీసుకుంటారు. మీ పాపకు వెళ్లేటప్పుడు సుమారు రూ.11 వేలు, పన్నులు అదనం. అయితే వయసు లెక్క టికెట్ కొన్న రోజుది కాదు, ప్రతి విమానం ఎక్కే రోజుది. పెళ్లికి వచ్చేసరికి పాపకు 25 నెలలు! అప్పుడు సీటు తప్పనిసరి. పిల్లల ఛార్జీ చాలా సంస్థల్లో పెద్దల ఛార్జీలో మూడొంతులు, అంతకు మించి కూడా ఉంటుంది. ఏజెంటు చెప్పిన ‘కలిసొచ్చే’ ధరలో పాప తిరుగు ప్రయాణాన్ని ఎలా లెక్కవేశారో కాగితం మీద రాయించుకోండి. పెళ్లి ముహూర్తం ఖరారు కాకపోతే తేదీ మార్పు రుసుము ఎంతో కూడా కనుక్కోండి. రెండూ కలిపి చూశాక వన్‌వే టికెటే మేలనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇక సీటు. ఇక్కడ నా సలహా చాలామందికి నచ్చకపోవచ్చు: ఇప్పుడు కొనకండి. రెండేళ్లలోపు పాపకు విడిగా సీటు తీసుకుంటే, విమానంలో వాడటానికి ఆమోదం ఉన్న కారు సీటు (పిల్లల్ని బెల్టులతో కట్టి కూర్చోబెట్టే కుర్చీ) కూడా తెమ్మని చాలా సంస్థలు అడుగుతాయి. దాన్ని దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు మోసుకెళ్లేది మీరే. పైగా ఇక్కడ కొన్న సీటు మీద అమెరికా భద్రతా ప్రమాణాల ముద్ర లేకపోతే అక్కడి కారులో పనికిరాదు. టెక్సస్‌లో ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటితే తప్ప, కారు సీటు చట్టప్రకారం ఉండాలి. కాబట్టి దాన్ని మీవారినే డల్లాస్‌లో కొని, విమానాశ్రయానికి వచ్చే ముందే కారులో బిగించమనండి.

విమానంలో ముందు గోడకు తగిలించే తొట్టిని, అంటే బేసినెట్‌ను, అడిగి చూడండి. అవి కొన్నే ఉంటాయి కనుక టికెట్ చేతికి రాగానే విమాన సంస్థకు ఫోన్ చేయండి. కాని దాని మీద పూర్తిగా ఆధారపడొద్దు. బరువు 10, 11 కిలోల దాకా ఒప్పుకుంటారు గానీ, పొడవు చాలా వాటిలో 70–75 సెంటీమీటర్లే. 14 నెలల పిల్లలు చాలామంది ఆ హద్దు దగ్గరో, దాటేసో ఉంటారు. టేపుతో ఒకసారి కొలవండి. తొట్టి దొరక్కపోయినా కాళ్లు చాపుకోవడానికి చోటున్న ముందు వరుస సీటుకు కొంత అదనంగా కట్టడం దండగ కాదు. రూ.28 వేలు ఆదా చేసుకోవద్దన్నది ఇలాంటి వాటి కోసమే.

అమ్మగారికి ఇప్పటికే అమెరికా వీసా ఉంటే తప్ప ఆ ఆలోచన మానండి. విజిటర్ వీసా రుసుమే 185 డాలర్లు, రాకపోతే తిరిగివ్వరు. వచ్చే నెలలోపు ఇంటర్వ్యూ తేదీ దొరుకుతుందన్న నమ్మకమూ లేదు. ఒక్క విమాన ప్రయాణంలో తోడు కోసం రానుపోను టికెట్, బీమా అంటే చాలా ఖరీదైన సాయం.

డబ్బు ఎక్కడి నుంచి? మీవారి కంపెనీ కుటుంబ సభ్యుల టికెట్ ఖర్చు ఇస్తుందేమో ముందు అడగమనండి. అడగనిదే అమ్మైనా పెట్టదు. ఇవ్వనంటే, విదేశీ లావాదేవీ రుసుము లేని అక్కడి కార్డుతో ఆయనే కొనడం మంచిది. డాలర్లలో జీతం వస్తుండగా తాతగారు మనవరాలికి దాచిన డబ్బు మీద చెయ్యి వేయడం నాకు రుచించలేదు. అయినా తప్పదనుకుంటే ఈఎంఐ కంటే డిపాజిట్ తీయడమే నయం: రూ.1.21 లక్షలకు ఏడాది ఈఎంఐ, 15 శాతం వడ్డీ అనుకుంటే సుమారు రూ.10 వేలు, వడ్డీపై జీఎస్టీ మరో రూ.1,800. ముందే తీసినందుకు బ్యాంకు కోసే 0.5–1 శాతం వడ్డీ ఇందులో చిన్న భాగం. డిపాజిట్ ఉంచుకుంటే, అక్కడ స్థిరపడుతున్నారు కనుక మీ పొదుపు ఖాతాతో పాటు దాన్నీ ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవారు ఇక్కడి డబ్బుకు వాడే ఖాతాగా, మార్పించండి. వడ్డీపై 30 శాతం టీడీఎస్, సెస్సు కోస్తారు. అర్హతను బట్టి రిటర్న్ దాఖలు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

మీరు అడగని ఒక విషయం వీటన్నిటికంటే ఖరీదైంది. మీ ఇద్దరినీ కంపెనీ ఆరోగ్య బీమాలో చేర్చడానికి చాలాచోట్ల మీరు అమెరికాలో దిగిన రోజు నుంచి 30 రోజులే గడువు. అది జారిపోతే ఏటా ఒకసారి జరిగే చేరికల దాకా ఆగాలి. ఈలోపు పాపకు జ్వరమొచ్చి ఎమర్జెన్సీకి వెళ్తే ఒక్క రాత్రి బిల్లు మీ టికెట్ ఖర్చును దాటవచ్చు. బీమా దిగిన రోజు నుంచే మొదలవుతుందా, వచ్చే నెల ఒకటి నుంచా అని హెచ్ఆర్‌ను ఇప్పుడే అడిగించండి. నెల ఒకటి నుంచి అంటే, ఆ మధ్య రోజులకు ఇక్కడే ప్రయాణ వైద్య బీమా తీసుకోండి. తర్వాతి విడత టీకాల కోసం ఇక్కడ హడావిడి పడక్కర్లేదు. అక్కడి ప్లాన్‌లో, దాని నెట్‌వర్క్ డాక్టరు దగ్గర, సాధారణంగా అవి ఉచితం. ఇప్పటిదాకా వేసినవాటి తేదీలను ఇంగ్లిష్‌లో రాయించి, డాక్టరు సంతకంతో టీకా కార్డును చేతి సంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ పెట్టెలో కాదు.