వైప్, రబ్, డ్రై: మూడూ తుడవడమేనా?

వైప్, రబ్, డ్రై మూడింటికీ ‘తుడవడం’ అని నోట్సులో రాసుకున్నానని, మాట్లాడేటప్పుడు ఏది ఎక్కడ వాడాలో తికమకగా ఉందని ఒకరు అడిగారు. నేను కంటి ఆసుపత్రిలో నర్సుని. ఈ మాటలు మాకు రోజూ తగులుతూనే ఉంటాయి.

రబ్ అంటే రుద్దడం, నలపడం. కాస్త ఒత్తిడి పెట్టి అటూ ఇటూ ఆడించాలి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకు ఇంటికెళ్లేటప్పుడు ఇచ్చే కాగితంలో ‘డు నాట్ రబ్ ది ఐ’ అని ఉంటుంది. ఒక అబ్బాయి అది చదివి వాళ్ల నాన్నను కన్ను ముట్టుకోనివ్వలేదు. నీళ్లు చెంప మీదుగా కారి చొక్కా కాలర్ తడుస్తున్నా పెద్దాయన చేతులు కట్టుకునే కూర్చున్నాడు.

“తుడవొద్దని రాశారు కదా సిస్టర్!”

“తుడవచ్చు బాబూ, నలపకూడదు.”

కాచి చల్లార్చిన నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన దూదితో, ముక్కు వైపు మూల నుంచి బయటి వైపుకి మెల్లగా ఒక్కసారి తీసి, ఆ దూది పారేయాలి. అది వైప్. నలిపితే కోత పెట్టిన చోట ఒత్తిడి పడుతుంది, అందుకే ఆ హెచ్చరిక.

వైప్ చేస్తే నీళ్లో, దుమ్మో, మరకో ఏదో ఒకటి అక్కడి నుంచి పోవాలి. కారు అద్దం మీద వైపర్ చేసేది అదే. పాత ఫోన్ అమ్మే ముందు డేటా వైప్ చేయమనేదీ అందుకే. రబ్‌లో ఏదీ పోనక్కర్లేదు. ఒక్కోసారి లోపలికి ఇంకడానికే రుద్దుతాం, నడుముకి బామ్ రాసినప్పుడు చేసేది అదే కదా. వార్డు గుమ్మం దగ్గర పెట్టే హ్యాండ్ రబ్, అంటే చేతుల శానిటైజర్ కూడా 20 నుంచి 30 సెకన్లు, చేతులు ఆరేదాకా రుద్దుకోవాలి. చాలామంది తడిగా ఉందని వెంటనే కర్చీఫ్‌తో తుడిచేసుకుంటారు. ఇక క్రిములు చచ్చేదెలా?

అన్నట్టు, రబ్బరుకి ఇంగ్లిషులో ఆ పేరు వచ్చింది కూడా ఈ రుద్దడం నుంచే. అది పెన్సిల్ గీతల్ని బాగా చెరుపుతుందని 1770లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీ రాశాడు. తర్వాత టైర్ల దాకా అదే పేరు నిలిచిపోయింది.

ఇంజక్షన్ వేయగానే ఆ చోట రుద్దడం మనవాళ్లకు అలవాటు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే హెపారిన్ రకం ఇంజక్షన్‌కి మాత్రం రుద్దొద్దని గట్టిగా చెబుతాం, కమిలి నల్లబడుతుంది.

డ్రై చేయమంటే తడి పోతే చాలు, ఎలా పోగొడతారన్నది వేరే సంగతి. తువ్వాలుతో తల తుడుచుకున్నా, ఫ్యాన్ కింద బట్టలు ఆరేసినా, వడియాలు ఎండబెట్టినా ఇంగ్లిషులో అన్నీ డ్రై చేయడమే. అందుకే ఎలాగో చెప్పడానికి పక్కన ఇంకో మాట తగిలిస్తారు. చీర లేబుల్ మీద ‘డ్రై ఇన్ షేడ్’ ఉంటే నీడలో ఆరేయమని. కుట్లున్న చోట ‘ప్యాట్ డ్రై’ అంటే మెత్తని గుడ్డతో అద్ది తడి తీయమని, అక్కడ రుద్దితే కుట్లు లాగేస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గర మాత్రం రెండూ కలుస్తాయి. ఒళ్లంతా తడి లేకుండా తుడుస్తూనే, ఊపిరి అందుకోవడానికి వీపు కూడా రుద్దుతారు.

నేల తుడిస్తే మాప్, గిన్నెలు తోమినట్టు గట్టిగా రుద్దితే స్క్రబ్. వీటితో పెద్ద చిక్కు లేదు. ‘రబ్ ఇట్ ఇన్’ అని ఎవరైనా అంటే బామ్ సంగతి కాదు, పుండు మీద కారం చల్లడం.

మనవాళ్లు తరచూ తడబడేది ఇంకోచోట. కింద నీళ్లు ఒలికితే ‘డ్రై ది వాటర్’ అనేస్తారు, అలా అనకూడదు. వైప్ అయితే దేనికైనా సరిపోతుంది: బల్లనీ వైప్ చేయొచ్చు, బల్ల మీద ఒలికిన పాలనీ వైప్ చేయొచ్చు. డ్రై అయ్యేది మాత్రం తడిసిన వస్తువే. కాబట్టి నీళ్లను వైప్ చేయండి, నేలను డ్రై చేయండి.