సీడీని మించిన రికార్డింగు కావాలంటే లేబుల్ పేరుతో వెతకండి

కొత్తగా వచ్చిన ఒకాయన అడిగారు: "ఈమధ్య వెస్టర్న్ క్లాసికల్ మీద మనసు పడింది. సీడీ కంటే నాణ్యమైన డిస్కులు ఉంటాయట కదా, ఎలా వెతకాలండీ?"

మనకు పాట కావాలంటే ముందు గాయకుడి పేరు గుర్తొస్తుంది. ఇక్కడ అరలన్నీ స్వరకర్తల పేర్ల మీద ఉంటాయి: బాఖ్, బీతోవెన్, బ్రామ్స్. అలా వెతికితే మీకు కావలసింది దొరకదు. బీతోవెన్ ఐదో సింఫనీ ఒక్కదానికే లెక్కలేనన్ని రికార్డింగులు, వాటిలో చాలావరకు మామూలు సీడీలే. అందుకని లేబుల్ పేరు, అంటే రికార్డింగు విడుదల చేసే కంపెనీ పేరు పట్టుకుని వెళ్లండి. పెద్ద కంపెనీలు ఈ డిస్కుల మీద ఉత్సాహం చూపించి తర్వాత చాలావరకు తగ్గించుకున్నాయి, విడవకుండా పట్టుకున్నవి చిన్న లేబుళ్లే.

మీరు వెతకాల్సింది ముఖ్యంగా ఎస్‌ఏసీడీ, అంటే సూపర్ ఆడియో సీడీ. సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చాయి. సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు 16 బిట్లలో కొలుస్తుంది. ఎస్‌ఏసీడీ ఒకే బిట్‌తో, కానీ సీడీకి 64 రెట్ల వేగంతో కొలుస్తుంది. స్టీరియోతో పాటు చాలా డిస్కుల్లో ఐదారు స్పీకర్ల సరౌండ్ కూడా ఉంటుంది. దీనికి పోటీగా వచ్చిన డీవీడీ ఆడియో కొన్నేళ్లకే కనుమరుగైంది, దాని జోలికి పోకండి.

ఎక్కువ ఎస్‌ఏసీడీలు హైబ్రిడ్. ఒకే డిస్కులో రెండు పొరలుంటాయి: ఒకటి మామూలు సీడీ, రెండోది హైరెస్, అంటే సీడీని మించిన నాణ్యత ఉన్నది. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. మొదట కొన్న నాలుగైదు డిస్కులు నా పాత సీడీ ప్లేయర్‌లో పెట్టి "ఆహా, ఏం తేడా!" అని ఏడాది పాటు మురిసిపోయాను. విన్నదంతా సీడీ పొరే! ఆ సంగతి తెలిసింది ఎలాగంటే, ఓసారి సెకండ్‌హ్యాండ్‌లో ఒక పొర మాత్రమే ఉన్న పాత ఎస్‌ఏసీడీ కొన్నాను, అది ప్లేయర్‌లో అసలు పలకలేదు. అట్ట మీద హైబ్రిడ్ అన్న మాట లేకపోవడం నేనే చూసుకోలేదు. కాబట్టి డిస్కు కంటే ముందు ఎస్‌ఏసీడీ లోగో ఉన్న ప్లేయర్ సంపాదించండి. అది ఉన్నా సెటింగ్‌లో ఏ పొర చదవమని ఉందో ఒకసారి చూడండి.

ఇక లేబుళ్లు. స్వీడన్‌కు చెందిన బిస్‌తో మొదలుపెట్టమంటాను. కండక్టర్ ఓస్మో వాన్‌స్కా మిన్నెసోటా ఆర్కెస్ట్రాతో చేసిన బీతోవెన్ సింఫనీలు అందులోనే ఉన్నాయి. నెదర్లాండ్స్ నుంచి పెంటాటోన్, చానెల్ క్లాసిక్స్. ఇవాన్ ఫిషర్, బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రా చేసిన స్వరకర్త మాహ్లర్ సంగీతం చానెల్‌లోనే దొరుకుతుంది. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే అదే. ఇంగ్లండ్‌లో చాండోస్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా సొంత లేబుల్ ఎల్‌ఎస్‌వో లైవ్. నార్వే లేబుల్ 2ఎల్ అయితే ఎస్‌ఏసీడీతో పాటు బ్లూరే ఆడియో కూడా ఒకే పెట్టెలో ఇస్తుంటుంది. బ్లూరే ఆడియోకు ప్రత్యేక ప్లేయర్ అక్కర్లేదు, సినిమాలు చూసే బ్లూరే ప్లేయర్ చాలు.

సెకండ్‌హ్యాండ్ అమ్మేవాళ్లు "సీడీ" అని రాసి ఊరుకుంటారు. అక్కడ కేటలాగ్ నంబరు, అంటే లేబుల్ ప్రతి డిస్కుకూ ఇచ్చే నంబరు పనికొస్తుంది. చాండోస్‌లో సీహెచ్‌ఎస్‌ఏ అని మొదలైతే ఎస్‌ఏసీడీ, సీహెచ్‌ఏఎన్ అయితే మామూలు సీడీ. చానెల్ క్లాసిక్స్‌లో సీసీఎస్ పక్కన ఎస్‌ఏ ఉందేమో చూడండి. ఇది తెలిసినవాళ్లు తక్కువ, అందుకే మంచి డిస్కులు మామూలు సీడీల గుట్టలో పడి ఉంటాయి.

పాత రికార్డింగులని చిన్నచూపు చూడకండి. 1950లలో ఆర్‌సీఏ లివింగ్ స్టీరియో పేరుతో టేపు మీద రికార్డు చేసినవి తర్వాత ఎస్‌ఏసీడీగా వచ్చాయి. వాటిలో కొన్ని మూడు ట్రాకుల టేపులు, మధ్య స్పీకర్‌తో సహా అలాగే వినిపిస్తాయి. కొత్తవన్నీ గొప్పవీ కావు: బిస్ తొలి ఎస్‌ఏసీడీలు కొన్ని 24 బిట్లలో కొలిచినా సీడీ వేగమైన 44.1 కిలోహెర్ట్‌జ్ దగ్గరే రికార్డు చేసినవి. వినడానికి అవీ బాగానే ఉంటాయి లెండి.

తీగల సంగతి ఒకటి. ఎస్‌ఏసీడీ పొర ఆప్టికల్ కేబుల్‌లోంచి రాదు. ఎరుపు తెలుపు అనలాగ్ తీగలైనా వాడాలి, లేదా ప్లేయర్, ఆంప్లిఫయర్ రెండూ ఒప్పుకుంటే హెచ్‌డీఎంఐ. మామూలు కంప్యూటర్ డ్రైవ్ కూడా సీడీ పొరనే చదువుతుంది.

కొనేముందు పబ్లిక్ లైబ్రరీలో అడగండి, డిస్కులు అరువిచ్చే చోట ఇవీ దొరకొచ్చు. తెచ్చుకున్నప్పుడు లోపలి బుక్‌లెట్ చివరి పేజీలు చదవండి. ఏ హాల్లో, ఏ ఏడాది, ఏ ఫార్మాట్‌లో రికార్డు చేశారో చాలా లేబుళ్లు అక్కడే రాస్తాయి.