విడివిడి ట్రాకులు చేతిలో ఉండగా డిప్లొమాకు తొందరేంటి?

ప్రశ్న: మాది జడ్చర్ల. మావాడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. వాళ్ల మేనమామకు సౌండ్ సర్వీస్ ఉంది. సెలవులొస్తే చాలు, ఆయన వెంట జాతరలకు, భజనలకు, ఆర్కెస్ట్రాలకు తిరుగుతాడు. ఈ మధ్య ఒక్కో మైకును విడిగా ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకొచ్చి, రాత్రంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాటినే దిద్దుతూ కూర్చుంటున్నాడు. ఇంజినీరింగ్ వద్దట, హైదరాబాద్‌లో ఏడాది సౌండ్ డిప్లొమా చేస్తాడట. ఫీజు రెండు లక్షలు. ఇదసలు బతుకుదెరువేనా? - ఒక తండ్రి

జవాబు: బతుకుదెరువేనండీ. కాకపోతే ఒకటో తారీఖున జీతం పడే రకం కాదు. ఆ రెండు లక్షలు మాత్రం ఇప్పుడే కట్టకండి. డబ్బు కట్టి చేరిన పిల్లలకు కూడా సులువుగా దొరకని సరుకు మీవాడి హార్డ్ డిస్కులో ఇప్పటికే ఉంది.

వాడు రాత్రంతా ఏం చేస్తున్నాడో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఇదివరకు ఊళ్లో కార్యక్రమం రికార్డు చేయాలంటే మైకులన్నీ కలిసే సౌండ్ మిక్సర్ అవుట్‌పుట్‌కు ఒక వైరు తగిలించేవారు. ఇంటికొచ్చి వింటే గొంతు ఒక్కటే ఖంగుమంటుంది, డప్పు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంటుంది. డప్పు అసలే గట్టిగా మోగుతుంది, జనానికి నేరుగా వినపడుతుంది. అందుకే ఆపరేటర్ దాని ఫేడర్‌ను, అంటే మిక్సర్ మీద సౌండ్ పెంచే మీటను, పెద్దగా పైకి తేడు. రికార్డింగ్‌లోకి వెళ్లేది స్పీకర్ బాక్సుల్లోకి వెళ్లినంతే. డిజిటల్ మిక్సర్లు వచ్చాక ఒక్క యూఎస్‌బీ కేబుల్‌తో పదహారో, ముప్పై రెండో మైకులు దేని ట్రాకులో అది రికార్డవుతున్నాయి. తర్వాత తీరిగ్గా కూర్చుని డప్పును పైకి తెచ్చుకోవచ్చు, కోరస్‌ను పక్కకు జరపవచ్చు.

చెప్పినంత తేలిక మాత్రం కాదు. స్టూడియోలో గాయకుడు గాజు గదిలో ఒక్కడే పాడతాడు. స్టేజీ మీద అతని పక్కనే డప్పు ఉంటుంది, కాళ్ల దగ్గర అతనికి వినపడటానికి పెట్టిన మానిటర్ స్పీకర్ ఉంటుంది. అవన్నీ అతని మైకులోకీ వస్తాయి. దీన్నే బ్లీడ్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు పాట లేని చోటల్లా గొంతు ట్రాకును మ్యూట్ చేసేస్తారు. అప్పుడు ఏమవుతుందంటే, చరణం అయిపోగానే డప్పు మోతే మారిపోతుంది, మళ్లీ పాట అందుకోగానే ఇంకోలా వస్తుంది. ఆ మోతలో కొంత భాగం గొంతు మైకు నుంచే వస్తోంది మరి! పని తెలిసినవాళ్లు ఆ ట్రాకును పూర్తిగా ఆపరు, ఆరో ఎనిమిదో డెసిబెల్స్ తగ్గించి వదిలేస్తారు. ఇంకోటి, శబ్దం మీటరు దూరం పోవడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. జనం కేరింతల కోసం పదిహేను మీటర్ల అవతల పెట్టిన మైకులోకి పాట నలభై మిల్లీసెకన్లకు పైగా ఆలస్యంగా చేరుతుంది. సర్దకుండా కలిపితే ప్రతి దెబ్బా రెండుసార్లు పడినట్టుంటుంది.

ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. మన్యంకొండ జాతరలోనో, కురుమూర్తి జాతరలోనో గాలికి ఊగే మైకుతో కుస్తీ పట్టినవాడికి త్వరగా పట్టుబడతాయి. పైగా మన దగ్గరి డప్పు, ఒగ్గు డోలు, కిన్నెర ఎలా వినపడాలో తెలిసిన చెవి కావాలి. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది. దాన్ని స్టేజీ మీద చక్కగా రికార్డు చేయడం ఎంతమందికి వచ్చు? మీవాడి అవకాశం అక్కడుందని నా నమ్మకం.

అందుకని ముందు వాడికో పరీక్ష పెట్టండి. ఒక కార్యక్రమం మొత్తం రికార్డు చేసి, అందులో మూడు పాటలు పూర్తిచేసి, పాడినవాళ్లకే పంపమనండి. డబ్బు అడగొద్దనండి. వాళ్లు తప్పకుండా వంకలు పెడతారు. గొంతు పెంచమని ఒకరు, కీబోర్డ్ తగ్గించమని ఒకరు, నిన్నటిదే బాగుందని ఇంకొకరు. వాటిని ఓపిగ్గా విని, ఏది నిన్నటిదో ఏది ఇవాళ్టిదో ఫైలు పేరు చూసి చెప్పగలిగేలా దాచుకుని, చెప్పిన రోజుకు ఇచ్చాడా? ఈ పనిలో నిలబడేవాడెవడో అక్కడే తేలుతుంది. చెవి బాగుండి ఓపిక లేనివాళ్లను చాలామందిని చూశాను. ట్రాకులు చాలకపోతే కేంబ్రిడ్జ్ మ్యూజిక్ టెక్నాలజీ సైటులో ప్రాక్టీసు కోసం ఉచితంగా దొరుకుతాయి. ట్రాకులు దిద్ది కలిపే రీపర్ సాఫ్ట్‌వేర్‌ను అరవై రోజులు ఊరికే వాడి చూడొచ్చు, తర్వాత కొన్నా మిగతావాటితో పోలిస్తే చవకే. ఖర్చు పెట్టాలంటే మంచి హెడ్‌ఫోన్స్‌కు, రెండో హార్డ్ డిస్కుకు పెట్టండి. పదహారు ట్రాకులు మామూలు క్వాలిటీలో తీసినా గంటకు ఎనిమిది జీబీ దాటుతుంది. కాపీ లేని రికార్డింగ్ ఉన్నా లేనట్టే లెక్క.

మాస్టరింగ్ కూడా చేస్తానని వాడు అంటుండొచ్చు. నేర్చుకోనివ్వండి, దానికి డబ్బు తీసుకోవడం మాత్రం ఇప్పుడే వద్దు. ట్రాకులన్నీ కలిపాక కుదిరిన పాటను, అంటే మిక్స్‌ను, చివర్లో కాస్త సర్ది, ఫోన్‌లోనూ డీజే బాక్సుల్లోనూ ఒకేలా వినపడేలా చేసే పని అది. చాలామంది కుర్రాళ్లు దాన్ని సౌండ్ పెంచడం అనుకుంటారు. యూట్యూబ్ మైనస్ పద్నాలుగు ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి పాట ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్న పాటను తనే తగ్గిస్తుంది. నలిపి నలిపి పెంచిందంతా వృథా, డప్పు దెబ్బలో పదును పోవడమే మిగులుతుంది.

ఇక చదువు. ఇంజినీరింగ్ ఇష్టం లేదంటే బలవంతం వద్దు, డిగ్రీ మాత్రం మాననివ్వకండి. దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తు) పెట్టుకుని దగ్గర్లోనే ఫిజిక్స్ ఉన్న బీఎస్సీలో చేర్పించండి. కారణం ఉంది. పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ రెండూ కేంద్ర ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థలు. అక్కడి సౌండ్ కోర్సుల్లో డిగ్రీ ఉన్నవాళ్లనే ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకుంటారు. డిగ్రీ అయ్యేసరికి వాడి దగ్గర సొంత మిక్స్‌లు ఓ ఇరవై ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకుంటుంది. అప్పటికీ ప్రైవేట్ డిప్లొమానే కావాలంటే, కట్టేముందు ఒక్క సంగతి అడగండి: విద్యార్థి ఒంటరిగా కన్సోల్ (స్టూడియో మిక్సర్) ముందు కూర్చునేది వారానికి ఎన్ని గంటలు? సూటిగా చెప్పకపోతే వెనక్కి వచ్చేయండి.

డబ్బు విషయం దాచను. వినాయక చవితి నుంచి బతుకమ్మ దాకా, మళ్లీ జాతరలప్పుడు ఊపిరి సలపదు. మూఢం వస్తే ఫోన్ మోగదు. మిక్సింగ్ ఒక్కదాని మీదే ఇల్లు గడవడానికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా మేనమామ దగ్గర లైవ్ పనే అన్నం పెడుతుంది. చుట్టాల పని అని ఊరికే చేయించుకోకుండా కార్యక్రమానికి ఇంతని ఆయన్నే ఇవ్వమనండి. రికార్డు చేసినవి యూట్యూబ్‌లో పెట్టేముందు పాడినవాళ్ల దగ్గర, పాట హక్కులు ఉన్నవాళ్ల దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోవాలి. జానపదమని అందరూ అనుకునే పాటకు కూడా రాసినాయన ఎక్కడో ఉంటాడు.

ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది. ఎనభై అయిదు డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలకు మించి ఉంటే వినికిడికి దెబ్బ. డీజే బాక్సుల పక్కన మోత అంతకంటే చాలా ఎక్కువ, గంట నిలబడినా ఎక్కువే. బాక్సుల దగ్గర ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటేనే పనికి పంపుతానని గట్టిగా చెప్పండి. మేనమామకు కూడా ఒక జత కొనివ్వండి, ఆయన పెట్టుకుంటే మీవాడు సిగ్గుపడకుండా పెట్టుకుంటాడు.