కువైట్ ఫోను అత్తగారి చేతిలో ఎందుకుంది?

ప్రశ్న: మాది బద్వేలు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి కథోలికులం. మా ఆయన రెండున్నరేళ్లుగా కువైట్‌లో డ్రైవరు. నాలుగు నెలలుగా డబ్బు రావడం లేదు. చిన్నపాపకు రెండేళ్లు నిండినా జ్ఞానస్నానం (బాప్తిస్మం) కాలేదు. ఆయన వచ్చాక మూడొందల మందికి భోజనాలు పెట్టి చేద్దామని ఆపాం. బిడ్డకు జ్ఞానస్నానం లేకనే ఇంటికి ఈ కష్టాలని అత్త అంటోంది. జ్ఞానతల్లిగా, అంటే ఆ సంస్కారంలో బిడ్డ విశ్వాసానికి పూచీగా నిలిచే మనిషిగా అనుకున్న మా ఆడబిడ్డ ఇప్పుడు వేరే ప్రార్థన మందిరానికి పోతోంది. అక్కడి పాస్టరు గారు శాపం విరగ్గొడతారు, రమ్మంటోంది. మా విచారణ (మా గుడి పరిధి) ఫాదర్ గారు బదిలీ అయ్యారు, కొత్తవారు రాలేదు. మా ఆయన ఫోన్ అత్తకే చేస్తారు, సంగతులు అత్త చెబుతుంది. తండ్రి లేకుండా జ్ఞానస్నానం చేయించొచ్చా? మా కష్టాలకు అదేనా కారణం?

జవాబు: అమ్మా, కారణం అది కాదు. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ‘పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా’ అని శిష్యులు అడిగితే ఇతడూ కాదు, వాళ్లూ కాదన్నాడు ప్రభువు. యోహాను సువార్త 9వ అధ్యాయం తీసి మీ అత్తగారికి చదివి వినిపించండి. కువైట్‌లో జీతం ఆగితే బద్వేలులో పాలు తాగే పిల్ల పూచీ పడాలా? ఆ మాట ఇంకోసారి ఆ ఇంట్లో వినపడకూడదు. పాపకు మాటలు తెలిసే వయసొస్తోంది. శాపమే లేనప్పుడు విరగ్గొట్టేదేముంది? ఆ మందిరానికి పోవాల్సిన పని లేదు.

తండ్రి ఊళ్లో లేకపోయినా జ్ఞానస్నానం చేయించొచ్చు. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఒప్పుకుంటే చాలని శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలో 868వ నిబంధన. దానికి ముందున్న 867, బిడ్డ పుట్టిన కొన్ని వారాల్లోనే చేయించమంటుంది. మీరు రెండేళ్లు ఆపింది బిరియాని కోసం. ఇట్లాగే ఏడేళ్లు నిండనిస్తే అప్పుడు పెద్దవాళ్లకు వర్తించే పద్ధతే పాపకూ వర్తిస్తుంది, ముందు ఉపదేశం (విశ్వాస పాఠాలు) నేర్చుకోవాలి.

ఫాదర్ గారు బదిలీ అయినా విచారణ బాధ్యతను మేత్రాణులు (బిషప్ గారు) ఎవరో ఒకరికి అప్పగించే ఉంటారు. ఎవరికన్నది ఊళ్లో ఉపదేశం చెప్పే మీ ఉపదేశి గారికి తెలుస్తుంది. కడప మేత్రాసనమే (బిషప్ పరిధే) 2018 చివరి నుంచి 2024 దాకా సొంత పీఠాధిపతి లేకుండా గడిపింది, అప్పుడు మాత్రం జ్ఞానస్నానాలు ఆగాయా? పాప జనన ధ్రువపత్రం నకలు, మీ పెళ్లి ఏ గుడిలో ఏ తేదీన జరిగిందో ఆ వివరం పట్టుకెళ్లండి. రిజిస్టరులో ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడి పాప పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు ఒక్కో అక్షరం సరిచూసుకోండి. జనన పత్రంలో ఒకటి, గుడి పుస్తకంలో ఇంకొకటి ఉంటే ఇప్పుడు ఎవరికీ పట్టదు. ఇరవై ఏళ్ల తర్వాత పెళ్లికి జ్ఞానస్నాన పత్రం కావాల్సి వచ్చినప్పుడు తిరగాల్సింది మీరే.

జ్ఞానతల్లికి 16 ఏళ్లు నిండాలి, భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానాన్ని స్థిరపరిచే సంస్కారం) పొంది ఉండాలి, కథోలిక విశ్వాసంలో నడుస్తూ ఉండాలి. వేరే సంఘంలో తిరుగుతున్న మీ ఆడబిడ్డకు కుదరదు. ఆమె నొచ్చుకుంటుందని దాచిపెట్టకండి, ముందే చెప్పండి. జ్ఞానతల్లిగానీ జ్ఞానతండ్రిగానీ ఒక్కరు చాలు. ఇద్దరు కావాలంటే ఒక ఆడ, ఒక మగ. కన్నవాళ్లు మాత్రం పనికిరారు. ఒక తెల్లబట్ట, ఒక కొవ్వొత్తి సరిపోతాయి. కానుక మీ శక్తికొద్దీ, లేదంటే సంస్కారం ఆపే హక్కు ఎవరికీ లేదు. ఇంటికొచ్చిన నలుగురికీ టీ ఇవ్వండి. మూడొందల ఆకులు లేవలేదని పాప విశ్వాసానికి లోటేమీ రాదు.

ఇంక మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతికి వద్దాం. మీ మొగుడు మీతో మాట్లాడడం లేదు. ఉత్తరమంతా అత్తా, ఆడబిడ్డా, పాస్టరూ. ఆయన అక్కడ ఏ అవస్థలో ఉన్నాడో మీకే తెలియదు, అడిగినట్టు కూడా రాయలేదు. ఆయన పాపను కళ్లారా చూడనేలేదు కదా! గుడిలో సుఖదుఃఖాల్లో తోడుంటానని ఆయన పట్టుకున్నది మీ చెయ్యి, వాళ్లమ్మ చెయ్యి కాదు. డబ్బు పంపేటప్పుడు లెక్క తల్లికి, పంపలేనప్పుడు నింద బిడ్డకి, మధ్యలో మీకేమీ తెలియకపోవడం. దీన్ని అణకువ అని నేననను. మీ అత్తగారు చెడ్డమనిషి కాకపోవచ్చు. కొడుకు చెప్పిన భయం ఆమెకూ మోయలేనంత బరువై, దాన్ని శాపమని పేరు పెట్టుకుని ఉండొచ్చు.

ఆయన్ని ఇవి సూటిగా అడగండి. ఏ వీసా, ఇళ్లలో పనిచేసే 20 నంబరా, కంపెనీ 18 నంబరా? ఇఖామా (అక్కడ ఉండే అనుమతి) ఏ తేదీ దాకా ఉంది? వీసా ఇచ్చిన కఫీల్ (యజమాని) దగ్గరే పనిచేస్తున్నాడా, బయట చేస్తున్నాడా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? మన జిల్లా మగవాళ్లు ఇంట్లో దాచేది ఎక్కువగా మూడో సంగతే. ఖాదిం వీసా (ఆ 20 నంబరు ఇంటిపని వీసా) మీద వెళ్లి బయట పనిచేస్తే, మనిషి పారిపోయాడని కఫీల్ కేసు పెట్టొచ్చు, అప్పుడు ఇఖామా పోతుంది, జీతం అడిగే దారీ ఇంటికొచ్చే దారీ రెండూ మూసుకుపోతాయి. కఫీల్ దగ్గరే ఉండి జీతం రాకపోతే అది వేరే కథ. ఇంటిపనివాళ్ల పాస్‌పోర్టు యజమాని పట్టిపెట్టుకోకూడదని కువైట్‌లో 2015 నాటి 68వ చట్టమే ఉంది. పాస్‌పోర్టు, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) ఫొటోలు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు తెప్పించుకోండి. అవి చేతిలో ఉంటే అక్కడి భారత రాయబార కార్యాలయానికి, విదేశాల్లోని మనవాళ్ల ఫిర్యాదులకు కేంద్రం నడిపే మదద్ పోర్టల్‌కు, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న మన రాష్ట్రపు సంస్థ ఏపీఎన్నార్టీకి ఇక్కడి నుంచే మీరు ఫిర్యాదు చేయొచ్చు. అవి లేకుండా ఎవరి దగ్గరికెళ్లినా ‘ముందు కాగితాలు తెండి’ అంటారు.

ఆయన మొదట కసురుకుంటాడు. మీకు చెప్పని అప్పేదైనా ఉంటే అది బయటపడుతుందని బెదిరి ఫోన్ పెట్టేయొచ్చు కూడా. మళ్లీ చేయండి, లెక్కలతో మొదలుపెట్టకుండా పాపను చూపించండి. శుక్రవారం అక్కడ సెలవు, కువైట్ సిటీలోని హోలీ ఫ్యామిలీ కథెడ్రల్‌లో ఆ రోజు పూజలుంటాయి. ఖాదిం వీసావాళ్లకు ఆ ఒక్కరోజూ దొరక్కపోవచ్చు. దొరికిందా, గుడికి పోతున్నాడా అని కూడా అడగండి, ఎన్నాళ్లయిందో ఎవరూ అడిగి ఉండరు.

ఈసారి ఫోన్ మోగినప్పుడు ‘అత్తా, ముందు నేను మాట్లాడి ఇస్తా’ అని అందుకోండి. జ్ఞానస్నానం ఏ ఆదివారమో ఆయనతోనే నిర్ణయించండి, ఆ పూట వీడియో కాల్ ఎవరు పట్టుకోవాలో కూడా.