కోసి పొట్టి చేసిన విల్లు విరిగింది: తయారీదారుని అడగవచ్చా? పోలీసు కేసు ఏమవుతుంది?

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం ఒక తయారీదారు దగ్గర నేరుగా 14,500 రూపాయలకు హికరీ కర్ర లాంగ్‌బో కొన్నాను. పొడవు 70 అంగుళాలు. 28 అంగుళాల లాగుడుకు 40 పౌండ్లని దాని మీదే రాసి ఉంది. లాగడానికి పట్టే బరువు పెంచుదామని రెండు కొసలా ఒకటిన్నర అంగుళం చొప్పున కోసి, ఆకురాయితో కొత్త గాట్లు పెట్టాను. పై లింబ్ (పిడికి పైన వంగే భాగం) సరిగా వంగడం లేదనిపించి, ఆ లింబ్ మధ్య నుంచి కొస దాకా లోపలి వైపు చిత్రిక పట్టాను. నారి కూడా తీసేసి సాగని ఫాస్ట్‌ఫ్లైట్ రకం వేశాను. మొదటిసారి పూర్తిగా లాగుతుండగానే పిడికి జానెడు పైన విరిగింది. ఆ ముక్క పక్కన నిలబడి చూస్తున్న పక్కింటి 14 ఏళ్ళ అబ్బాయికి తగిలి చెక్కిలి ఎముక చిట్లింది. ఆసుపత్రి వాళ్ళు ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన గాయమని రిపోర్టు) రాసి స్టేషన్‌కు పంపారు. తయారీదారేమో ‘మీరు మార్చారు, మాకు సంబంధం లేదు’ అంటున్నాడు. నా మీద కేసు అవుతుందా? డబ్బు వెనక్కి వస్తుందా? అబ్బాయి వైద్యం ఖర్చు తయారీదారు చేత కట్టించవచ్చా? ఇలాగే కోసిన మరో విల్లు నా దగ్గరుంది. దాన్ని అమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: ముందు చూడాల్సింది అబ్బాయి సంగతి. ఆ తర్వాత విరిగిన ముక్కలు. మీ డబ్బు తిరిగి రావడమన్నది మూడో మాట.

కేసు అవుతుంది, కాదని ధైర్యం చెప్పలేను. నిర్లక్ష్యంగా చేసిన పని వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ వర్తిస్తుంది. ఎముక విరిగినా చిట్లినా 116వ సెక్షన్ కింద అది తీవ్ర గాయమే. అప్పుడు 125(బి) కింద మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే ఇది బెయిలబుల్ నేరం. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరం కాబట్టి సాధారణంగా స్టేషన్ నుంచి నోటీసు ఇచ్చి పిలుస్తారు. అందరూ 41-ఏ నోటీసు అనేది ఇదే, ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 35(3) కింద వస్తోంది. నోటీసు రాగానే తప్పకుండా వెళ్ళండి. తప్పించుకు తిరిగితేనే అరెస్టుకు దారి ఇచ్చినట్టవుతుంది.

మీకున్న రక్షణ న్యాయ సంహిత 18వ సెక్షన్. చట్టబద్ధమైన పనిని తగిన జాగ్రత్తతో చేస్తుండగా ప్రమాదవశాత్తూ జరిగింది నేరం కాదని అది చెబుతుంది. అందులో బరువంతా ‘తగిన జాగ్రత్త’ అన్న మాట మీదే ఉంది, మీ కేసు బలహీనపడేదీ అక్కడే. విల్లు పని తెలిసినవాళ్ళు కొసలు కోశాక, లోపల చెక్కాక దాన్ని నేరుగా చేత్తో పూర్తిగా లాగరు. పిడిని గోడకు బిగించిన కొయ్య మీద ఆనించి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా దూరం నుంచి లాగుతారు. ఒక్కో అంగుళం పెంచుతూ పదేసి, ఇరవయ్యేసి సార్లు వంచి చూస్తారు. విరిగే గుణముంటే మనిషి లేనిచోటే విరుగుతుంది. మీరు మొదటి లాగుడే 28 అంగుళాలకు లాగారు, అదీ పక్కన పిల్లవాడిని ఉంచుకుని. ప్రాసిక్యూషన్ పట్టుకునేది దీన్నే. మీరు చెప్పని సంగతేదైనా ఉంటే, అంటే అబ్బాయిని ముందే దూరంగా వెళ్ళమని ఉంటే, చూసిన సాక్షి ఉంటే, దాన్ని మొదటి వాంగ్మూలంలోనే చెప్పండి. ఆర్నెల్ల తర్వాత చెబితే కల్పించారనుకుంటారు. అబ్బాయి ఇష్టపడే వచ్చి నిలబడ్డాడన్న వాదన మాత్రం ఎత్తకండి. 14 ఏళ్ళ పిల్లవాడి విషయంలో అది నిలవదు, పైగా జడ్జి దృష్టిలో మీ మీద మంచి అభిప్రాయం పోతుంది.

ఈ నేరానికి రాజీకి వీలుంది. కానీ గాయపడింది మైనరు కాబట్టి తల్లిదండ్రులు సంతకం పెట్టినంత మాత్రాన సరిపోదు, నాగరిక సురక్షా సంహిత 359(4) కింద కోర్టు అనుమతి కావాలి. లోక్ అదాలత్‌లో పెట్టించుకుంటే పని సులువుగా అవుతుంది. పెద్దమనుషుల దగ్గర స్టాంపు కాగితం రాయించుకుని ‘ఇక ఏ బాకీ లేదు’ అనుకోవడం మన ఊళ్ళలో మామూలే. మైనరు హక్కును ఆ కాగితం ఆపలేదు. లిమిటేషన్ చట్టం 6, 8 సెక్షన్ల ప్రకారం మేజరయ్యాక కూడా మూడేళ్ళ దాకా ఆ అబ్బాయి నష్టపరిహారం దావా వేయవచ్చు. దావా నడుస్తుండగా రాజీ పడాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32, రూల్ 7 కింద కోర్టు ఒప్పుకోవాలి. వైద్యం ఖర్చు ఇప్పుడే పెట్టుకోండి, ఆ కుటుంబం అడిగేదాకా ఆగొద్దు. నగదుగా ఇవ్వకుండా ఆసుపత్రి ఖాతాకు నేరుగా పంపి, బిల్లుల నకళ్ళు దాచండి. రేపు ఎంత పరిహారం తేల్చినా ఈ మొత్తాన్ని అందులో చూపించుకోవచ్చు.

ఇక ముక్కల సంగతి. జిగురు పెట్టి అతికించొద్దు, ఇసుక కాగితం తాకించొద్దు, నూనె రాయొద్దు. కోసి పారేసిన ఆ ఒకటిన్నర అంగుళం కొసలు దొరికితే వెతికి తీయండి. కర్ర పొరలు ఎటు సాగాయో అసలు రూపంలో చూపించేవి అవే. విరుపు పక్కన స్కేలు పెట్టి బయటి వైపు, లోపలి వైపు, రెండు పక్కలా ఫోటోలు తీయండి. చిత్రిక పట్టిన భాగం ఎక్కడ మొదలైంది, విరుపు ఎక్కడుంది, మధ్య దూరమెంత అన్నది కొలిచి రాసిపెట్టండి. పోలీసులు విల్లును స్వాధీనం చేసుకుంటే మధ్యవర్తుల రిపోర్టులో ఎన్ని ముక్కలో, ఒక్కొక్కటి ఎన్ని అంగుళాలో రాయించి నకలు అడగండి. భయపడి పొయ్యిలో పెట్టారా, సాక్ష్యం మాయం చేసినందుకు న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద ఇంకో కేసు. వాట్సాప్ మాటలు, వీడియోలు తుడిచెయ్యకండి. వాటిని కోర్టులో పెట్టేటప్పుడు సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చెయ్యాలి, అందుకు ఆ ఫోనే ఉంటే మేలు.

తయారీదారు ‘మార్చారు, సంబంధం లేదు’ అన్నది సగమే నిజం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో రెండు దారులున్నాయి. వాటిని కలిపేసుకోవడం వల్లే చాలామంది నష్టపోతారు.

మొదటిది వస్తువు వల్ల మనిషికి జరిగిన హానికి పరిహారం, అంటే ప్రొడక్ట్ లయబిలిటీ. ఇందులో 87(1) గోడలా అడ్డు నిలుస్తుంది. హాని జరిగే నాటికి వస్తువును మార్చి ఉన్నా, తప్పుగా వాడినా అమ్మకందారు మీద ఈ దావా చెల్లదని అక్కడ స్పష్టంగా ఉంది. ‘నేను కొన్నది తయారీదారు దగ్గరే కదా, అమ్మకందారు దగ్గర కాదు కదా’ అంటారేమో. తానే చేసి తానే అమ్మేవాడు కూడా 2(37) నిర్వచనంలో అమ్మకందారే. కాబట్టి అబ్బాయి వైద్యం ఖర్చు అతని చేత కట్టించడం ఈ దారిలో దాదాపు అసాధ్యం, ఆ ఆశ వదులుకోండి. విల్లు ధర కూడా ఈ దారిలో రాదు. 2(22)లోని ‘హాని’లో ఆ వస్తువుకే జరిగిన నష్టం చేరదు.

రెండోది లోపం ఉన్న సరుకు అమ్మాడన్న ఫిర్యాదు. ఇక్కడ 39వ సెక్షన్ కింద ధర వాపసు గానీ, మరొకటి ఇప్పించడం గానీ కోరవచ్చు. మార్పు చేశారన్నది ఈ దారిని పూర్తిగా మూసెయ్యదు. విరిగింది దేనివల్ల అన్నదే ప్రశ్న. మీరు చేసిన మూడు మార్పుల్ని విడివిడిగా చూడాలి. నారి తప్పయితే అది బాణం వదిలినప్పుడు బయటపడుతుంది: సాగని నారి కొసల మీద గట్టిగా కొడుతుంది, గాట్లు చీలుతాయి. మీది లాగుతుండగా, పిడి దగ్గర విరిగింది కాబట్టి నారి మీదకు తోయడం కష్టం. చిత్రిక పట్టింది లింబ్ మధ్య నుంచి కొస దాకా. అక్కడ ఎక్కువ చెక్కి ఉంటే మడత అక్కడే పడాలి, విరుపూ ఆ దరిదాపుల్లోనే రావాలి. జానెడు ఎత్తులో వచ్చిందంటే అది మీకు పనికొచ్చే సంగతి. మిగిలింది పొడవు. 70 అంగుళాలు 67 కావడంతో అదే లాగుడుకు విల్లంతా ఎక్కువ వంగింది, బరువు పెరిగింది. తయారీదారు లాయరు గట్టిగా పట్టుకునేది ఇదే. దానికి జవాబు: లాగుడికి రెట్టింపు, ఆపైన వంగని పిడి భాగం కలుపుకున్నా 67 అంగుళాలు 28 అంగుళాల లాగుడుకు పొట్టి విల్లు కాదు. పైగా వంగినప్పుడు సాగే బయటి వైపు తట్టుకోవడంలో హికరీకి పేరుంది. మంచి కర్రయితే ఆ మాత్రానికి విరగకూడదు.

అయితే వాదన చాలదు, కర్రే చెప్పాలి. విరుపు బయటి వైపు చూడండి. పొడవాటి పేళ్ళు లేచి ఉంటే కర్ర మంచిదే, మోయగలిగినంతా మోసి తెగింది. ఏటవాలుగా, నున్నగా, పొర వెంబడి జారినట్టు విడిపోయి ఉంటే పొరలు పక్కకు వాలిన కర్రను ఎంచుకున్నారన్నమాట. విరుపులో చిన్న బుడిపె ఉన్నా, లోపల పాత పగులు నల్లబడి కనిపించినా అది మీరు కొనకముందు లోపమే. ఇలాంటివి ఉంటేనే ఫిర్యాదు వెయ్యండి. పేళ్ళు లేచిన విరుపయితే 14,500 కోసం తిరగడం దండగ.

వేసేటప్పుడు కోసిన సంగతి, చెక్కిన సంగతి, నారి మార్చిన సంగతి ఫిర్యాదు రెండో పేరాలోనే రాయండి. టేపు పెట్టగానే మూడు అంగుళాల తేడా ఎలాగూ బయటపడుతుంది. దాచిపెట్టి వచ్చాడని ఒక్కసారి అనిపిస్తే మిగతాదేదీ నమ్మరు. మీరు ఏలూరులో ఉంటున్నారు కాబట్టి మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యవచ్చు, అతని ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు గనక ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ఫిర్యాదుతో పాటే 38(2)(సి) కింద కర్రను ప్రయోగశాలకు పంపమని పిటిషన్ పెట్టండి, బెంగళూరులోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇనిస్టిట్యూట్ లాంటి ప్రభుత్వ సంస్థ పేరు సూచించండి. పరీక్ష ఫీజు ముందుగా మీరే కట్టాలి. విల్లు అప్పటికే క్రిమినల్ కేసులో సీజయి ఉంటే మేజిస్ట్రేటు కోర్టులో అనుమతి తీసుకోకుండా అది కదలదు. చాలా ఫిర్యాదులు నెలల తరబడి ఆగేది అక్కడే, కాబట్టి రెండు పిటిషన్లూ ఒకే వారంలో పడాలి.

రెండో విల్లు సంగతి. అప్పుడప్పుడూ ఒకటి అమ్ముకునే మనిషికి ప్రొడక్ట్ లయబిలిటీ అధ్యాయం వర్తించదు. కానీ దాని మీద ఇంకా పాత పౌండ్లే రాసి ఉన్నాయి కదా. ఆ రాతను చూపించి అమ్మితే సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణనకు సరిపోని సరుకు అమ్మినట్టే. కోసిన సంగతి కావాలని కప్పిపుచ్చితే కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసం. ఎవరికైనా దెబ్బ తగిలితే మళ్ళీ 125. ఇలా కోసి చెక్కి అమ్మడం వ్యాపారంగా పెట్టుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం 86(బి) మీ మీదికే వస్తుంది: తయారు చేసింది ఎవరైనా, హానికి ముఖ్య కారణం మీ మార్పే అయితే బాధ్యత మీది.

ముందు గోడ కొయ్య మీద తాడుతో లాగి నిలుస్తుందో లేదో చూడండి. నిలిస్తే పాత అంకెలు గీకేసి, కొత్త బరువు తూచి రాయండి. అమ్మే కాగితంలో అసలు పొడవు, ఇప్పటి పొడవు, ఏ భాగంలో చెక్కారు, ఏ రకం నారి వెయ్యాలి అన్నవి రాసి, కొనేవాడి సంతకం తీసుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు అమ్మకండి.