సమన్లు తీసుకోకపోతే కేసు ఆగుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నా భర్త హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రెండు వారాలకోసారి ఇంటికి వస్తారు. ఇంట్లో నేను, మా అత్తగారు, పిల్లలు ఉంటాం. మా ఆడపడుచు ఆస్తిలో వాటా కోసం దావా వేశారు. మొన్న మంగళవారం కోర్టు నుంచి ఒకాయన వచ్చి, నా భర్త పేరు మీద ఉన్న కాగితాలు చూపించి నన్ను సంతకం పెట్టమన్నారు. సంతకం పెడితే కేసు ఒప్పుకున్నట్టేనని, తీసుకోకపోతే అసలు కేసే నిలవదని పక్కింటివాళ్లు చెప్పడంతో నేను తీసుకోలేదు. ఆయన ఒక కాగితం తలుపుకు అంటించి వెళ్లిపోయారు. వీధిలో అందరూ చూశారు. అప్పటి నుంచి మా అత్తగారు సరిగా అన్నం తినడం లేదు. అలా అంటించే హక్కు ఆయనకు ఉందా? ఇప్పుడు మేమేం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండమ్మా. ఇది సివిల్ దావా. ఎవరినీ అరెస్టు చేయడానికి, ఇంట్లో సామాను జప్తు చేయడానికి వచ్చిన కాగితం కాదు. ఫలానా వారు మీ మీద దావా వేశారు, ఫలానా తేదీన వచ్చి మీ మాట చెప్పుకోండి అని కోర్టు పంపిన కబురు, అంతే. తలుపు మీద సమన్లు అంటించినంత మాత్రాన పరువు పోయినట్టు కాదు.

పక్కింటివాళ్ల మాట మాత్రం పూర్తిగా తప్పు. ఈ ఒక్క అపోహ వల్ల ఎన్ని కుటుంబాలు తమ వాదన వినిపించుకునే అవకాశం పోగొట్టుకుంటున్నాయో తలచుకుంటే బాధ కలుగుతుంది. సంతకానికి అర్థం ‘కాగితాలు అందాయి’ అని మాత్రమే. దావాలోని ఒక్క అక్షరాన్ని కూడా మీరు ఒప్పుకున్నట్టు కాదు. అనుమానంగా ఉంటే సంతకం పక్కనే ‘నేను ఆయన భార్యను, ఆయన ఊళ్లో లేరు, ఈ తేదీన అందుకున్నాను’ అని రాయవచ్చు.

ఇక అంటించే హక్కు సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ అయిదో ఆర్డరులో సమన్ల జారీ పద్ధతి ఉంది. వీలైనంతవరకు ప్రతివాది చేతికే ఇవ్వాలి. ఆయన ఇంట్లో లేక, తగిన సమయంలో దొరికే అవకాశమూ లేకపోతే, ఆ ఇంట్లో కలిసి ఉంటున్న వయసొచ్చిన కుటుంబ సభ్యులకు ఇవ్వవచ్చు. ఆడవారైనా మగవారైనా ఫరవాలేదు. పనిమనిషికి ఇస్తే చెల్లదు. తీసుకోవలసిన వ్యక్తి సంతకానికి నిరాకరిస్తే ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) ఒక ప్రతిని వీధి తలుపుకు అంటించి, ఎందుకు అంటించవలసి వచ్చిందో, ఇల్లు చూపించినది ఎవరో, ఎవరి సమక్షంలో అంటించారో అసలు ప్రతి మీద రాసి కోర్టుకు తిప్పి పంపాలి. ఆ నివేదికను చూసి సమన్లు సక్రమంగా అందాయా లేదా అన్నది జడ్జి తేలుస్తారు.

మీ భర్త రెండు వారాలకోసారి వస్తున్నారు కాబట్టి, ‘ఆయన వచ్చేదాకా ఆగకుండా అంటించారు’ అని వాదించడానికి కొంత చోటుంది. కానీ నా సలహా అడిగితే ఆ దారి పట్టవద్దంటాను. జారీలో చిన్న లోపం ఉన్నా, వాయిదా తేదీ ముందే తెలిసి, హాజరు కావడానికి తగిన వ్యవధి ఉన్నవారి మీద ఇచ్చిన ఎక్స్‌పార్టీ డిక్రీని (ఒక పక్షం హాజరు కాకుండానే ఇచ్చిన తీర్పును) ఆ ఒక్క లోపం చూపి రద్దు చేయరని చట్టమే చెబుతోంది. మీకు తేదీ తెలిసింది, మీ భర్తకూ చెప్పే ఉంటారు. కోర్టు నుంచి వచ్చిన స్పీడ్ పోస్టును వద్దన్నా ఇంతే. ‘తీసుకోవడానికి నిరాకరించారు’ అని పోస్టుమాన్ రాసిన కవరు కోర్టుకు చేరితే అందినట్టే లెక్క.

తలుపు మీది కాగితాన్ని చింపకుండా తీసి, రెండు వైపులా ఫోటో తీసి మీ భర్తకు ఈ రోజే పంపండి. అందులో చూడవలసినవి కోర్టు పేరు, ఓ.ఎస్. నంబరు (దావా నంబరు), వాయిదా తేదీ, కోర్టు ముద్ర. నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కేసు వివరాలు చూసుకోవచ్చు. సమన్లతో పాటు దావా ప్రతి కూడా ఇవ్వాలి. అది మీ దగ్గర లేదు కాబట్టి, వకాలత్ (మీ తరఫున వాదించే అధికార పత్రం) వేసిన రోజే దాని ప్రతి ఇప్పించమని మీ వకీలు కోర్టును కోరతారు. ఐ.ఏ. నంబరు (దావాలో భాగంగా వేసిన మధ్యంతర దరఖాస్తు నంబరు) కూడా కనిపిస్తే అస్సలు ఆలస్యం చేయవద్దు. ఆస్తి అమ్మకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోరారేమో, దాని వాయిదా ఇంకా ముందే ఉందేమో చూడాలి.

సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల్లో లిఖితపూర్వక జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం చూపితే కోర్టు 90 రోజుల వరకు గడువు ఇవ్వవచ్చు. రోజుల లెక్క అంటించిన మంగళవారం నుంచే మొదలైందని అనుకుని నడుచుకోండి. ఈ జవాబు చాలా ముఖ్యం. మీ భర్త సొంత సంపాదనతో కొన్న స్థలాన్ని కూడా ఉమ్మడి ఆస్తిగా దావా షెడ్యూలులో (ఆస్తుల జాబితాలో) చేర్చి ఉంటే, అది కాదని చెప్పవలసింది ఇక్కడే. స్పష్టంగా కాదనని విషయాన్ని ఒప్పుకున్నట్టుగా కోర్టు భావించవచ్చు. హాజరే కాకపోతే ఎక్స్‌పార్టీ చేసి, అవతలివారు చెప్పిన లెక్క ప్రకారం డిక్రీ ఇచ్చేయవచ్చు. దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులే. సమన్లు సక్రమంగా అందనివారికి మాత్రం డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి లెక్క. తెలిసి ఊరుకున్నవారికి ఆ వెసులుబాటు దొరకదు.

ప్రాసెస్ సర్వర్ మళ్లీ వస్తే గుర్తింపు కార్డు అడగండి. లోపలికి రానివ్వవలసిన పని లేదు, గుమ్మం దగ్గరే తీసుకోవచ్చు. డబ్బు ఇవ్వనక్కర్లేదు. జారీకి అయ్యే బత్తా దావా వేసినవారే కోర్టులో కడతారు. ఎవరైనా వీడియో కాల్ చేసి ‘కోర్టు సమన్లు వచ్చాయి, డబ్బు కడితే కేసు తీసేస్తాం’ అంటే అది మోసం. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

వాటాల దావా కాబట్టి మీ అత్తగారి పేరు కూడా ప్రతివాదుల్లో ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కో ప్రతివాదికి సమన్లు వేరుగా వస్తాయి. ఆమెవి వస్తే ఆమెనే తీసుకోమనండి, వేలిముద్ర వేసినా సరిపోతుంది. మహిళ కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆమెకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100కు ఫోను చేసినా దారి చూపిస్తారు. మీ భర్తను ఈసారి సెలవు పెట్టి వారం మధ్యలో రమ్మనండి. ఆదివారం కోర్టు ఉండదు. పాస్‌పుస్తకాలు, స్థలం కొన్న దస్తావేజులు, అప్పు తీర్చిన రసీదులు తీసుకుని ఇద్దరూ వకీలు దగ్గరకు వెళ్లండి. ఆడపడుచుతో రాజీకి వీలుంటే ఆ మాట కూడా ఆ రోజే వకీలుకు చెప్పండి. దావా నడుస్తుండగానే లోక్ అదాలత్‌లో పరిష్కరించుకోవచ్చు.