పక్కింటి కుందేళ్లు మీ చేతికొస్తే

ప్రశ్న: పక్కింటి మేడ మీద ఇనుప వల పంజరంలో రెండు కుందేళ్లు నీళ్లు లేక మాడుతున్నాయి. స్టేషన్‌లో కేసు తీసుకోలేదు. ఇప్పుడు యజమానే తీసుకుపొమ్మంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఇచ్చేసినట్టు సంతకంతో కాగితం రాయించుకోండి. తర్వాత మాట మారిస్తే అదే ఆధారం.

ఇంటికి తెచ్చాక స్నానం మాత్రం చేయించకండి, ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు. నీళ్లు గిన్నెలో పెట్టండి. మేతలో ముప్పాతిక వంతుకు పైగా గడ్డే ఉండాలి: గరిక, ఎండుగడ్డి. ఉత్త క్యారెట్లు, బిస్కెట్లు పెడితే పేగుల కదలిక ఆగిపోతుంది, గడ్డి నమలక పళ్లు పెరిగిపోతాయి. పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అత్యవసరమే, వెంటనే పశువైద్యుడికి చూపించండి. తోక కింద తడి, పురుగులు, అరికాళ్ల పుళ్లు వెతకండి. కుక్కలకు పిడుదులు పోవడానికి వాడే ఫిప్రోనిల్ మందు, నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కుందేలుకు ప్రాణాంతకం. ఆడ, మగ అయితే ఈరోజే విడదీయండి. గర్భం 31 రోజులే.

ఇక కేసు సంగతి. ఇరుకు పంజరం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరాలే. కానీ మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఇన్ని దశాబ్దాలుగా ఆ అంకెను మార్చకపోవడం సిగ్గుచేటు. పైగా ఈ నేరాల్లో మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. అయినా ఫిర్యాదును పుస్తకంలో నమోదు చేసి, మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు పంపాల్సిన బాధ్యత వారిదే. తేదీలున్న ఫొటోలు, వైద్యుడి రిపోర్టు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు అడగండి.